సంతోష విభాగం వారి సెలవు నిబంధన

మనిషి సుఖంగా ఉన్నాడో లేడో చెప్పే అధికారం ఇకపై ఆ మనిషికి లేదు, అతని రీల్‌కే ఉంది. ప్రపంచ కప్‌కు ఏడాది ముందు ఖతార్‌లో ఒక కంపెనీ ఈ సత్యాన్ని కనిపెట్టి, వెంటనే సంతోష విభాగం తెరిచింది. (కార్మికుల క్యాంపులో ఏసీలు బాగుచేసే విభాగం ఇంకా తెరవలేదు.)

అక్కడికి సెలవు అడగడానికి వెళ్ళాడు నర్సింగ్. జగిత్యాల వైపు మనిషి, స్టేడియం దగ్గర స్కాఫోల్డింగ్ పని, అంటే పరంజాలు కట్టడం. మొదటి కాన్పప్పుడు భార్య సునంద పక్కన లేడు. రెండో కాన్పుకైనా ఉంటానని ఒట్టేశాడు. ఈసారీ తప్పితే ఆమె ఇక తన మాట నమ్మదని అతని భయం.

అధికారి బుర్హానుద్దీన్ ఫోన్ తిప్పి చూపించాడు. ముఐథర్ అనే పేటలో తెల్లటి ల్యాండ్‌క్రూజర్‌కు ఆనుకుని, నల్లద్దాలు పెట్టుకుని నర్సింగ్ నవ్వుతున్నాడు.

"ఇంత ఖుషీగ ఉన్నోనికి ఛుట్టీ దేనికి భాయ్?"

"సార్, ఆ కారు ఓబులేసన్న వాళ్ళ సేటుది. అన్న డ్రైవరు. అద్దాలు గూడ అన్నయే. శుక్రారం శుక్రారం అందరం వంతులేసుకొని ఆడ్నే వీడియో తీస్కుంటం."

బుర్హానుద్దీన్ జాలిపడ్డాడు (నిబంధన ప్రకారం అరనిమిషం).

"దుఃఖం గూడ రీల్‌లనే చూపియ్. లక్ష మంది చూస్తే దుఃఖం. తక్కువైతే ఉత్త అలసట."

నర్సింగ్ క్యాంపులో మంచం మీద కూర్చుని నిజంగానే ఏడ్చాడు. పద్నాలుగు మంది చూశారు. వాళ్ళలో ఒకడు "అన్నా, స్టేడియం చూపియ్" అని రాశాడు. సరేనని నర్సింగ్ సిగ్గు విడిచి, హెల్మెట్ పెట్టుకుని, స్టేడియం ముందు అదే ఏడుపును డప్పు దరువుకు గంతులేస్తూ ఏడ్చాడు. మూడు లక్షల మంది చూసి పడీపడీ నవ్వారు. (నవ్వినవాళ్ళలో మనమూ ఉన్నాం.)

విభాగం అతని దుఃఖాన్ని ఆమోదించింది. సెలవును మాత్రం తిరస్కరించింది. ఇంతమంది చూసే మనిషిని మొదటి మ్యాచ్ అయ్యేదాకా దేశం దాటనివ్వకూడదని కొత్త నిబంధన రాశారు. స్కాఫోల్డింగ్ తప్పించి గంతుల డ్యూటీ వేశారు.

"దుబాయ్‌ల ఎగురుడే పనా నీకు? రానని ముందే చెప్తె అయిపోతుండె గద," అంది ఫోన్లో సునంద. (జగిత్యాల వైపు గల్ఫ్ అంతా దుబాయే.)

అతను గంతుల డ్యూటీలో ఉండగానే ఆడపిల్ల పుట్టింది. బావమరిది రాజేందర్ వీడియో తీసి, ముందు లోకానికి పెట్టి, తర్వాత బావకు పంపాడు (పేరున్న మనిషి బిడ్డ కదా). నర్సింగ్ డ్యూటీ దిగి ఫోన్ తెరిచేసరికి నలభై వేల మంది పాపను చూసేశారు. నచ్చిన పేర్లు కూడా పెట్టేశారు.

నర్సింగ్ కళ్ళు తుడుచుకుని మళ్ళీ మళ్ళీ చూశాడు. తండ్రిగా చేయడానికి ఇంకా ఒక పని మిగిలే ఉంది.

లైక్ కొట్టాడు.