డిక్కీలో రెండోది

ఆదివారం పొద్దున్నే లక్ష్మీకాంత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్పెషల్ క్లాసుందని ఇంట్లో చెప్పి కారు తీయాలి. పదకొండుకల్లా పని ముగించుకుని, ఏమీ ఎరగనట్టు భోజనానికి వచ్చేయాలి.

అతను పటమటలో కాపురముంటూ ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే లెక్చరరు. రెండు నెలల కిందట పాటల కోసం కారులో సీటు కింద ఆంప్లిఫయరూ, వెనకాల గంగాళమంత వూఫరూ బిగించుకున్నాడు. "ఇక దీనికి ఒక్క వైరు కూడా కొనను" అని భార్య ఉషశ్రీకి మాటిచ్చాడు. మాటిచ్చిన సాయంత్రమే చూశాడు, వూఫరు ధమ్మన్నప్పుడల్లా హెడ్‌లైట్లు కునికిపాట్లు పడుతున్నాయి. అప్పట్నుంచీ మనిషికి కుదురు లేదు. పాఠం మధ్యలో ఆగిపోయేవాడు. పప్పన్నం కలుపుతూ కలుపుతూ కిటికీలోంచి కారు వంక చూసేవాడు.

ఆటోనగర్‌లో కార్లకు కరెంటు పని చేసే యేసుబాబు రోగం కనిపెట్టాడు. కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు చాలడం లేదు, పెద్దది వేయాలి. ఉన్న బ్యాటరీకి తోడు డిక్కీలో మరొకటి పెట్టాలి.

బయల్దేరే ముందు లక్ష్మీకాంత్ బాల్కనీలో నిలబడి యేసుబాబుకు ఫోన్ చేశాడు. ఆరేసిన బట్టలు తీద్దామని వస్తున్న ఉషశ్రీ తలుపు దగ్గరే ఆగిపోయింది.

"పాతది నీరసించిపోయింది యేసుబాబూ. అలాగని వదిలేయలేను కదా. ముందు అదే ఉంటుంది. రెండోదాన్ని వెనకాల ఎక్కడన్నా కనబడకుండా పెడదాం. సెటప్ అంటూ పెట్టుకున్నాక ఇవన్నీ తప్పవు. రెండింటికీ పడకపోతే మధ్యలో ఏం పెడతావో నువ్వే చూడు. ఇంట్లో మాత్రం తెలియకూడదు."

సెటప్ అనే మాటకు ఎన్ని అర్థాలున్నా, ఉషశ్రీకి తెలిసింది ఒకటే.

హెడ్ పోస్టాఫీసులో పనిచేసే మనిషి, ఏడవడం అలవాటు లేదు. కారు వీధి మలుపు తిరగగానే చల్లపల్లిలో ఉన్న తండ్రికి ఫోన్ చేసింది. "ఫోన్లో చెప్పేది కాదు నాన్నా, వెంటనే రండి" అని మొదలుపెట్టి పావుగంటసేపు ఫోన్లోనే చెప్పింది. తండ్రి రామకోటేశ్వరరావు ఊళ్ళో తగువులు తీర్చే పెద్దమనిషి. బస్సెక్కే ముందు గుండె బరువు దించుకోవడానికి అక్కగారు రావమ్మ చెవిన వేశాడు. ఆవిడ ఎవరికీ చెప్పనని ఒట్టేసి, ఉయ్యూరు దాకా ఉన్న చుట్టాలందరికీ చెప్పింది.

ఆటోనగర్‌లో పని ముందుకు సాగలేదు. కొత్త ఆల్టర్నేటరు బోల్టు కన్నాలు అరంగుళం తేడా వచ్చాయి. దాన్ని కూర్చోబెట్టే పట్టీ కోసి వెల్డింగు చేయించేసరికి ఆల్టర్నేటరును తిప్పే బెల్టు పొట్టిదైంది. బెల్టు కోసం వెళ్ళిన యేసుబాబు ఇంకా పొట్టిది తెచ్చాడు. లక్ష్మీకాంత్ షెడ్డులో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతుంటే ఫోన్ మోగింది.

"ఎక్కడున్నారండీ?" అంది ఉషశ్రీ.

"క్లాసులో."

"ఆ సుత్తి దెబ్బలేంటి?"

"ల్యాబు. ప్రాక్టికల్స్ చేయిస్తున్నా."

అప్పుడే టీ కొట్టు శౌరమ్మ గ్లాసు పట్టుకొచ్చింది. "చల్లారిపోద్ది, ముందు తాగండి. పొద్దున్నుంచీ మీ కడుపులో ఏమీ పడలేదు."

ఆ మాటలు ఫోన్లో ఉషశ్రీకీ వినబడ్డాయి. "ఎవరామె?"

"కెమిస్ట్రీ మేడమ్" అన్నాడు లక్ష్మీకాంత్.

ఇద్దరి ఫోన్లలోనూ ఒకరెక్కడున్నదీ మరొకరికి కనబడుతుంది. ఆ సంగతి అతను మరిచిపోయాడు. పన్నెండు దాటాక షెడ్డు ముందు ఆటో ఆగింది. నడుము దాకా డిక్కీలో దూరి ఉన్న లక్ష్మీకాంత్ బయటికి వచ్చేసరికి ఎదురుగా భార్య, పక్కన మామగారు.

రామకోటేశ్వరరావు కండువా సర్దుకున్నాడు. "అల్లుడుగారూ, కేకలేయడానికి రాలేదు. రెండోదాని సంగతి మాకు తెలిసిపోయింది."

లక్ష్మీకాంత్ మొహం పాలిపోయింది. "తప్పైపోయింది మావయ్యగారూ. మాటిచ్చి కూడా ఆగలేకపోయాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇవాళే తెచ్చుకున్నాను."

"ఇప్పుడెక్కడుంది?"

"డిక్కీలో పెట్టానండీ."

పెద్దాయన పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. "ఊపిరాడుతోందా దానికి?"

"ఆడుతుందండీ. గాలి తగలడానికి చిన్న కన్నం పెట్టించాం" అన్నాడు యేసుబాబు వినయంగా.

ఉషశ్రీ ఒక్క అంగలో వెళ్ళి డిక్కీలోకి చూసింది. తాడుతో కట్టేసి, ఎర్ర వైరొకటి, నల్ల వైరొకటి తగిలించుకుని బ్యాటరీ కూర్చుని ఉంది. చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది.

"నీరసించింది ఎవరు?"

"పాత బ్యాటరీ."

"రెండింటికీ పడకపోతే?"

"మధ్యలో ఐసోలేటరని ఒకటి పెడతారు. ఒకదాని కరెంటు ఒకటి లాగేసుకోకుండా."

రామకోటేశ్వరరావు స్టూలు మీద నుంచి జారిపోయేలా నవ్వాడు. ఉషశ్రీకి నవ్వు రాలేదు. శౌరమ్మ మళ్ళీ తెచ్చిన టీ తనే తీసుకుని తాగేసింది. సాయంత్రానికి సరైన బెల్టు దొరికింది. వూఫరు మోగితే షెడ్డు రేకులు అదిరాయి, లైట్లు రెప్ప వేయలేదు. అంత ఆనందంలోనూ లక్ష్మీకాంత్ భార్య వంక చూడడానికి జంకాడు.

గొడవంతా చల్లపల్లి వైపు మిగిలిపోయింది. చుట్టాలు ఉషశ్రీకి ఫోన్ చేసి ధైర్యం చెప్పసాగారు. అది బ్యాటరీ అంటే, "పాపం, ఇంకా మొగుణ్ణి వెనకేసుకొస్తోంది" అన్నారు. వారం తిరక్కుండా ఆమెకు మొగుడి కంటే ఎక్కువ కుదురు లేకుండా పోయింది. మరుసటి ఆదివారం తనే అతన్ని లేపి చల్లపల్లి ప్రయాణం కట్టించింది. పుట్టింటి వాకిట్లో కారాపించి, చేరిన చుట్టాలందరి ముందూ డిక్కీ తెరిచింది. ఆల్టర్నేటరు ఎంత కరెంటు ఇస్తుందో, ఐసోలేటరు ఎందుకో, రెండో బ్యాటరీ లేకపోతే లైట్లు ఎలా కునుకుతాయో అరగంట వివరించింది. ఇంటర్ పిల్లలకు లక్ష్మీకాంత్ ఏనాడూ అంత బాగా చెప్పలేదు.

రావమ్మ కళ్ళజోడు పెట్టుకుని వంగి బ్యాటరీని నాలుగు వైపులా చూసింది. మేనకోడలి తల నిమిరింది.

"సరేలేమ్మా. మగాళ్ళు ఏది చూపిస్తే అది నమ్మాలి, తప్పదు."