నోరున్న నాయికకు పన్నెండు సుగుణాలు

గైడు పుస్తకాన్ని మించి స్త్రీని గౌరవించేది ఈ లోకంలో మరొకటి లేదని మనవి చేస్తున్నాను. నవ్వకండి! నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణే కానీ, పాతికేళ్లుగా పుస్తకాలు బైండింగు చేస్తున్నవాణ్ణి. ఏ పుస్తకాన్ని జనం ఎంత ప్రేమించారో దాని వీపు చూసి చెప్పగలను.

మా అమ్మాయి డిగ్రీలో నాలుగు వందల ఏళ్ల కిందటి ఓ ప్రేమ నాటకం పాఠం ఉంది. అందులో నాయిక నోరు విప్పిందంటే ఎదుటివాడు కూర్చోడానికి కుర్చీ వెతుక్కోవాల్సిందే. తనను చూడ్డానికొచ్చిన సేనానిని, "ఆ మీసాలు మీరు పెంచారా, అవే మిమ్మల్ని పెంచాయా?" అని అడుగుతుంది. ఇలాంటి పిల్ల మన పక్కింట్లో ఉంటే ఏం చేస్తాం? వాళ్ల నాన్నను పక్కకు పిలిచి, కాస్త అదుపులో పెట్టుకోమంటాం.

గైడు అలా అనదే! "ఆమె వాక్చాతుర్యం అమోఘం" అంటుంది. "ఆమె నిర్భయ" అంటుంది. మొత్తం పన్నెండు సుగుణాలు. ఒక్కొక్కదాని కింద స్కేలు పెట్టి ఎర్ర గీత కొట్టాలి. ఆ గైడు రాసింది లెక్చరరు గారే, పాఠం చెప్పేదీ ఆయనే, పేపర్లు దిద్దేదీ ఆయనే. పన్నెండు గీతలు కనబడితే పన్నెండు మార్కులు. మధ్యలో ఏం రాశారో చూడరు. ఇంతకన్నా పక్షపాతం లేని మనిషిని ఎక్కడ తెస్తాం? క్లాసులో ముప్ఫై తొమ్మిది మంది ఉంటే, ముప్ఫై ఎనిమిది మంది ఆ నాయికను ఒకే మాటల్లో, ఒకే వరుసలో మెచ్చుకున్నారు. ఏ దేశపు రాణికి దక్కింది ఈ భాగ్యం?

కాలేజీ లైబ్రరీ వాళ్లు ఆ గైడును ఏటా నా దగ్గరికి పంపుతారు, అట్టలూడి, కుట్లు తెగి. అసలు నాటకం మాత్రం ఒక్కసారే వచ్చింది. పాపం, వయసు మీద పడి వచ్చింది కానీ వాడకం వల్ల కాదు. మొదటి ఇరవై పేజీల మీదే వేళ్ల మరకలున్నాయి. తక్కినవి కొత్త పెళ్లికూతుళ్లలా తళతళలాడుతున్నాయి.

ఆ ముప్ఫై తొమ్మిదో మనిషి మా అమ్మాయి. అది చేసిన తప్పు ఏమిటంటే, నాటకం చదివింది. మ్యాపు చేతిలో ఉండగా ఊరు చూడ్డానికి బయల్దేరినట్టు! చదివి ఊరుకుందా? క్లాసులో లేచి నిలబడి, "సార్, మొదటి అంకంలో ఎవరినీ మాట్లాడనివ్వని మనిషి, పెళ్లి కుదిరాక చివరి అంకంలో ఒక్క మాటే మాట్లాడుతుంది. ఎందుకని?" అని అడిగింది.

ఆ సమయానికి లెక్చరరు గారు మూడో సుగుణం, అంటే "ప్రశ్నించే తత్వం" చెబుతున్నారు.

"అది గైడులో లేదు, కూర్చో," అన్నారు.

"గైడులో లేదు సార్, నాటకంలో ఉంది," అంది.

క్లాసంతా నవ్వింది. మా అమ్మాయి బయట నిలబడింది. నాకు కబురొచ్చింది.

స్టాఫ్ రూములో ఆయన నాకు కుర్చీ చూపించి, ఎంతో మర్యాదగా మాట్లాడారు. "చూడండి, ఆడపిల్లకి ఆ నోరేమిటండీ? క్షమాపణ రాసి తెమ్మనండి. అప్పుడే హాల్ టికెట్టు ఇస్తాను." ఆయన వెనక గోడ మీద ఆ నాయిక బొమ్మ ఉంది, నడుం మీద చెయ్యేసుకుని, తల ఎగరేసి. ఆమె ఏమైనా అంటుందేమోనని ఒక్క క్షణం చూశాను. చక్కగా ఫ్రేము కట్టి ఉంది, ఏమీ అనలేదు.

సాయంత్రం ఇంట్లో తెల్ల కాగితం తీసి అమ్మాయి ముందు పెట్టాను.

"నాలుగు ముక్కలు రాసి పడెయ్యమ్మా."

"దేనికి నాన్నా క్షమాపణ? నేను అడిగినందుకా, ఆయనకి జవాబు తెలియనందుకా?"

"అదిగో, ఈ నోరే తగ్గించుకోమనేది."

మా ఆవిడ గుమ్మంలో కూర్చుని బట్టలు మడతపెడుతోంది. మా మాటల మధ్యకు రాదు. సౌమ్యురాలని మా బంధువుల్లో మంచి పేరు. ఆవేళ మాత్రం మడత ఆపి, "మన పెళ్లి కుదిరిన రోజు నేనన్న మాటకి మీరు పడీ పడీ నవ్వారు," అంది. "నీ మాటలు విని చేసుకుంటున్నానన్నారు కూడా. గుర్తుందా?"

గుర్తుంది. ఆమె ఏమన్నదో మాత్రం గుర్తు రాలేదు.

"తర్వాత ఆ మాటలే వద్దని ఎప్పుడన్నారో నాకూ గుర్తు లేదులెండి," అని మళ్లీ మడతల్లో పడింది.

మర్నాడు ప్రార్థనకు కూర్చుంటే మనసు నిలవలేదు. అందరి మొరా వింటావు గదా తండ్రీ, మా ఇంట్లో ఒకరి గొంతు ఇన్నాళ్లూ నీ దాకా వచ్చిందా అని అడిగాను. నాకే వినబడని గొంతు గురించి ఆయన్ను అడగడం ఏం న్యాయం?

లేచి ఆ తెల్ల కాగితం నేనే తీసుకున్నాను.

"అయ్యా, క్షమాపణ రాయడం లేదు. మా అమ్మాయి ప్రశ్నకు మా ఇంట్లో జవాబు దొరికింది, అది పంపుతున్నాను. ఆ నాయిక చివర్లో ఒక్క మాటతో ఎందుకు ఆగిపోతుందంటే, ఆమె మాటలంటే ఇష్టమన్నవాడితోనే ఆమె పెళ్లి కుదిరింది. మీ గైడు మళ్లీ అచ్చయ్యేటప్పుడు దీన్ని పదమూడోదిగా వేసుకోండి. బైండింగు నేను చేసి పెడతాను."

కింద స్కేలు పెట్టి ఎర్ర గీత కొట్టి, మా ఆవిడకు చూపించాను. అమ్మాయి హాల్ టికెట్టు ఏమవుతుందోనన్న బెంగ మాత్రం పోలేదు.

ఆమె కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని రెండుసార్లు చదివింది.

"గీత పలచగా ఉంది. లావుగా కొట్టండి," అంది. "లేకపోతే ఆయన చదవడు."