నెలాఖరు చేబదులు

నెలాఖరు వచ్చిందంటే మునిసిపల్ ఆఫీసులో అందరి మొహాలూ వాడిపోయేవి, ఒక్క అకౌంటెంటు మొహం తప్ప. ఆ ఉదయం అతను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సంచీలో ఇంకో చొక్కా పెట్టుకుని ఆఫీసుకు బయలుదేరాడు. అప్పు అడగడానికి ఇంత ముస్తాబయ్యే మనిషి ఇంకెక్కడా ఉండడు.

జీతాలు ముందు ఇవ్వాలి, పన్నులు తరువాత వస్తాయి. ఆ సందు పూడ్చడానికి పక్క మునిసిపాలిటీ దగ్గర చేబదులు తెచ్చుకోవడం ఆనవాయితీ. తీర్చేటప్పుడు బ్యాంకులో వేస్తే చాలు. తేవాలన్నా, గడువు పొడిగించాలన్నా రెండు ఊళ్ళ అకౌంటెంట్లూ ఎదురెదురుగా కూర్చుని సంతకాలు చెయ్యాలి. అక్కడి అకౌంటెంటు ఇతని భార్య. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇద్దరికీ బదిలీ రాలేదు. నెలకోసారి రెండు సంతకాలు, ఒక టీ, ఆఖరి బస్సు. వాళ్ళ కాపురమంతా అంతే. రేపు సెలవు గనక ఈసారి ఉండిపోదామనుకున్నాడు.

"ఈ నెల అప్పు అక్కర్లేదయ్యా" అన్నారు ఛైర్మన్‌గారు. "పన్నులు ముందే వచ్చాయి. జీతాలు పోను మిగిలినదాంతో పాత బాకీ కూడా బ్యాంకులో పారెయ్. ఇక వాళ్ళ గడప తొక్కే పని లేదు."

అకౌంటెంటుకు ప్రాణం ఉసూరుమంది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి నోరు జారాడు. "బాకీకి తొందరేముంది సార్? గడువు పొడిగించమని అడిగొస్తాను. డబ్బు మన దగ్గరుంటే ధైర్యం."

ఛైర్మన్‌గారి చెవికి 'డబ్బు మన దగ్గరుంది' అన్న ముక్కే ఎక్కింది. వెంటనే కాంట్రాక్టరును పిలిచి అడ్వాన్సు ఇప్పించారు. ఆ బిల్లులు చూడాలని అకౌంటెంటు ప్రయాణం ఆపేశారు. మధ్యాహ్నానికి బజారు రోడ్డంతా తవ్వేశారు. సాయంత్రానికి నీళ్ళ గొట్టం పగిలి దుకాణాల్లోకి మోకాలిలోతు నీళ్ళొచ్చాయి. తడిసిన సరుకుకు నష్టపరిహారం ఇచ్చేదాకా పైసా పన్ను కట్టేది లేదని వర్తకులు భీష్మించారు. పరిహారం ఇచ్చేసరికి ఖజానా ఊడ్చిపెట్టుకుపోయింది. ఈ గొడవలో బాకీ గడువు కూడా దాటింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చింది తనేనని అకౌంటెంటు ఒక్కడికే తెలుసు.

"సలహా నీదేగా, నువ్వే వెళ్ళు" అన్నారు ఛైర్మన్‌గారు. "పొడిగింపు సంతకం పడేదాకా అక్కణ్ణుంచి కదలకు."

"ఎన్నాళ్ళైనా సరేనా సార్?"

"ఎన్నాళ్ళైనా."

తిట్లు తిని అంత సంతోషపడినవాడు ఇంకొకడు ఉండడు. భార్యకు ఫోను కూడా చెయ్యలేదు. చెప్పకుండా వెళ్ళి ఎదురుగా నిలబడితే ఆమె మొహం ఎలా వెలుగుతుందో బస్సులో దారి పొడుగునా ఊహించుకున్నాడు.

ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

"మేడమ్ పొద్దున్నే మీ ఊరు వెళ్ళారండి" అన్నాడు ప్యూను. "బాకీ వసూలయ్యేదాకా తిరిగి రావద్దని మా ఛైర్మన్‌గారు పంపారు. ఆవిడ కూడా మహా హుషారుగా వెళ్ళారు."

అంతలో ఫోను మోగింది.

"ఏమండీ, ఎక్కడున్నారు?"

"నీ టేబులు ముందు."

"నేను మీ టేబులు ముందున్నాను."

"చెప్పకుండా వెళ్ళావేం?"

"మీరు చెప్పి వెళ్ళారా?"

"సరే, నువ్వు బయలుదేరి వచ్చెయ్."

"బాకీ తీరేదాకా కదలొద్దన్నారు. పోనీ మీరు రండి."

"పొడిగింపు సంతకం పడేదాకా కదలొద్దన్నారు."

"ఆ సంతకం ఎవరు పెట్టాలి?"

"నువ్వే."

ఆమె నవ్వబోయింది. "మిమ్మల్ని చూడాలని ఉందండీ. వారం రోజులైనా ఒకే ఇంట్లో ఉంటామనుకున్నాను."

"నాకూ అంతే" అన్నాడతను. ఆమె పక్కన కూర్చోవాలని వచ్చినవాడు ఆమె కుర్చీలోనే కూలబడ్డాడు. "భోంచేశావా?"

"లేదు. మీరు?"

"లేదు."

మర్నాడు వాళ్ళిద్దరి ప్రయాణ భత్యాలు చెల్లించడానికి రెండు మునిసిపాలిటీలూ కలిసి మూడో ఊరి దగ్గర చేబదులుకు దరఖాస్తు పెట్టుకున్నాయి.