పద్దెనిమిది అంగుళాల కాయిల్

కాయిల్ గురించి షాలేమ్‌రాజుకు ఒకడు చెప్పడమా?

జూలూరుపాడులో ఇరవై రెండేళ్లుగా కాలిపోయిన బోరు మోటార్లకు రాగితీగ చుడుతున్న మనిషి ఆయన. చుట్టాల పెళ్లిళ్లకు పోవడం మానేశాడు గానీ చుట్టడం మానలేదు. అలాంటివాడిని పట్టుకుని ఖమ్మం నుంచి జగదీష్ అనే దుకాణదారుడు ఫోన్‌లో అడిగిన ప్రశ్న ఇదీ:

"సార్, కాయిల్ అంటే ఏందో మీకు కొంచెమన్నా ఐడియా ఉందా?"

షాలేమ్‌రాజు ఫోన్‌ను చెవి దగ్గర నుంచి తీసి, దాని ముఖంలోకి కోపంగా చూశాడు. షాలేము అంటే శాంతి అని పాస్టరుగారు ఏరికోరి పెట్టిన పేరు. ఆ శాంతి ఆధార్ కార్డు దాటి మనిషి లోపలికి ఎన్నడూ పోలేదు.

"నువ్వు పుట్టకముందు నుంచి కాయిల్‌లు చుడుతున్న! సంగతి చెప్పు!"

సంగతేమిటంటే, ఆయన బంగారం వెతికే మిషను ఒకటి కొన్నాడు. తల్లాడలో ఎవరో విసుగుపుట్టి అమ్మేసినది. ఎందుకు విసుగుపుట్టిందో ఈయన అడగలేదు. పొడుగాటి కర్ర, పైన డబ్బా, కింద పళ్లెం లాంటి చక్రం. ఆ చక్రమే కాయిల్. నేలకు దగ్గరగా ఊపుకుంటూ పోతే లోపలి లోహాన్ని పసిగట్టి చెవిలో కూత పెడుతుంది. అది కాస్తా పగిలిపోయి ఉంది. కొత్తది కావాలి.

"మీది ఎర్రనేల అంటున్నరు. వాగు పక్కన అంటున్నరు. బంగారం ఉంటే గింటే బియ్యపు గింజంత ఉంటది సార్," అన్నాడు జగదీష్. "పది అంగుళాల చిన్న కాయిల్ తీసుకోండ్రి. జానెడు లోతే చూస్తది గానీ చిన్న ముక్కను వదలదు. పద్దెనిమిది అంగుళాలది లోతుకు పోతది, పక్కలకు కూడా దూరం పట్టుకుంటది, కానీ సన్న గింజ దానికి ఆనదు."

"బియ్యపు గింజల కోసం నేను రేషన్ షాపుకు పోత," అని షాలేమ్‌రాజు ఫోన్ పెట్టేశాడు.

గుమ్మంలో భార్య నిలబడి ఉంది. పేరు స్తుతి. పెళ్లయినప్పటి నుంచి ఆ నోట ఆయనకు వినబడింది మాత్రం నిందే.

"కాయిల్ అంటున్నవు. దోమలదా?"

"బంగారానిది!"

"బంగారానికి కూడా దోమలు కుడుతున్నయా?"

స్తుతికి వాగు పక్కన అరెకరం ఉంది. వాళ్లమ్మ ఇచ్చినది. మూడేళ్లుగా బీడు. ఈసారి నర్సరీకి పదిసార్లు తిరిగి ఆయిల్‌పామ్ మొక్కలు రాయించుకుంది. ఇరవై ఎనిమిది మొక్కలు వచ్చే వారం శనివారం బండిలో వస్తాయి. ఆలోగా ఇరవై ఎనిమిది గుంతలు తయారుగా లేకపోతే, అదే బండి ముందుకు పోయి ఇంకొకరి చేలో దించేస్తుంది. మళ్లీ మొక్కలు వచ్చే ఏడే. ఊళ్లో కూలీలందరూ పత్తి ఏరడానికి పోయారు. మిగిలిన మగమనిషి ఒక్కడే.

"రోజుకు నాలుగు తవ్వినా అయిపోతయి కదయ్యా," అంది ఆమె, వారంలో నూటొకటోసారి.

షాలేమ్‌రాజు రెండు చేతులూ ఎత్తి చూపించాడు. "ఇవి తీగ చుట్టే వేళ్లు. గడ్డపార పట్టేటియి కావు. నా నడుము సంగతి నీకు ఎరికే. అయినా బంగారం ఉన్న నేల మీద మట్ట చెట్లు పెడతనంటవేంది? అడవి నుంచి వచ్చే వాగు అది! ఎన్నేళ్ల బంగారం కొట్టుకొచ్చి అండ్ల పడ్డదో!"

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరన్న చెప్పాల్నా? బుర్ర ఉంటే చాలు."

స్తుతి కాసేపు ఆ బుర్ర వైపు చూసింది. తర్వాత ఎన్నడూ లేనంత మెత్తగా అడిగింది. "గా పెద్ద కాయిల్ పక్కలకు ఎంత దూరం పట్టుకుంటదంట?"

"మూరెడు పైనే! చిన్నదైతే జానెడు. జానెడు!"

"అయితే పెద్దదే తెప్పియ్యి. నీ అసంటి మనిషికి చిన్నదేంది?"

పెళ్లయిన పందొమ్మిదేళ్లలో ఆమె ఆయన మాట ఒప్పుకోవడం ఇదే మొదలు. అనుమానం రావలసిన చోట షాలేమ్‌రాజుకు గర్వం వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం, ప్రార్థన అయిపోయాక, చేలో పని మొదలైంది. కాయిల్ నిజంగానే గంప మూతంత ఉంది. షాలేమ్‌రాజు బెల్టు తీశాడు, గడియారం తీశాడు, ఉంగరం తీశాడు.

"ఒంటి మీద లోహం ఉండొద్దు. మిషను మోసపోతది. నీ గాజులు తియ్యి."

ఆమె మారుమాట లేకుండా తీసి గుడ్డలో కట్టి గట్టున పెట్టింది. "చెవులకు గవి పెట్టుకో. బయటి సప్పుడుకు నీకు తేడా తెల్వదు," అని హెడ్‌ఫోన్‌లు తానే తగిలించింది.

ఆయన కాయిల్‌ను ఊపుకుంటూ నడిచాడు. పక్కన కాస్త ఎడంగా ఆమె. కాసేపు చప్పుడు లేదు. ఆమె ఒకచోట ఆగింది. ఆయన కాయిల్ అక్కడికి వచ్చేసరికి చెవుల్లో మిషను కుయ్యోమని పాట అందుకుంది.

"దొరికింది!" షాలేమ్‌రాజు ఎగిరాడు. తీగ చుట్టే వేళ్లు గడ్డపారను ఎప్పుడు పట్టుకున్నాయో ఆయనకే తెలియదు. స్తుతి నీళ్ల సీసా తెస్తానని గట్టు మీదికి పోయింది. ఆయన తవ్వాడు. జానెడు లోతున మళ్లీ మిషను పెట్టి చూశాడు. చప్పుడు లేదు.

"పోయిందేందే?"

"కిందికి జారిందేమో. లోతు కాయిల్ కదా, లోతుకు పోవాలె. రెండడుగులు చూడు. మూలలు కూడా సాపుగా తియ్యి, మూలల్ల నక్కి ఉంటదేమో."

రెండడుగులు తవ్వాడు. మూలలు సాపుగా తీశాడు. ఏమీ లేదు. ఆమె గట్టు దిగి, కొన్ని అంగలు వేసి ఇంకోచోట నిలబడింది. అక్కడ మిషను ఇంకా తీయగా కూసింది.

బుధవారానికి పదహారు గుంతలయ్యాయి. బంగారం దొరకకపోగా షాలేమ్‌రాజు కోపం ఏ రోజుకా రోజు పెరిగింది. జగదీష్ మీద, తల్లాడ వాడి మీద, గుంతకు గుంతకు కిందికి జారిపోతున్న బంగారం మీద. కానీ గట్టెక్కి చూస్తే ఒళ్లు పులకరించింది.

"స్తుతీ! చూసినవా వరస! ఒక్క తీరు దూరం! మూడు గుంతలు కలిపితే ముక్కోణం! మనిషి పని కాదిది, ప్రకృతి!"

"అవ్. ప్రకృతి పనే," అంది స్తుతి, నడుముకు రాసే మందు సీసా మూత తీస్తూ.

శనివారం పొద్దున ఇరవై ఎనిమిదో గుంతలో మోకాలి లోతున ఉండగా బండి వచ్చింది. మొక్కలు దిగాయి. సాయానికి వచ్చిన పక్కచేను నాగక్క మొదటి మొక్కను మొదటి గుంతలో నిలబెట్టి మట్టి కప్పుతోంది.

"నా బంగారం గుంతల మొక్క పెడతరా!" షాలేమ్‌రాజు గుంతలోంచి ఒక్క ఉరుకున లేచి, మిషను ఎత్తుకుని పరుగెత్తాడు. ఆ పరుగులో హెడ్‌ఫోన్‌ల తీగ ఊడిపోయింది. కాయిల్ స్తుతి పక్కగా పోయేసరికి మిషను చేనంతా వినబడేలా కుయ్యోమంది.

ఆయన ఆగాడు. కాయిల్ నాగక్క వైపు తిప్పాడు. చప్పుడు లేదు. స్తుతి వైపు తిప్పాడు. కుయ్యో.

ఇరవై రెండేళ్ల అనుభవం అప్పుడు పని చేసింది. కాయిల్‌ను మెల్లగా ఆమె చీర కుచ్చెళ్ల దాకా దించాడు. మిషను గొంతు చించుకుంది. స్తుతి కుచ్చెళ్లు బెత్తెడు పైకి పట్టుకుంది. వెండి పట్టీలు ఎండకు తళుక్కుమన్నాయి.

"లోహం ఉండొద్దన్న కదా!"

"గాజులు తియ్యమన్నవు, తీసిన. కాళ్ల సంగతి అడిగినవా?"

"అందుకేనా పెద్ద కాయిల్ తెప్పియ్యమన్నవు?"

"చిన్నది జానెడే చూస్తదంటివి. జానెడు దూరంల నిలబడితే నా కాలు నీకు కనబడదా?"

వారం రోజుల ఎండ, చేతుల బొబ్బలు, చెవుల్లో కూత అన్నీ ఒక్కసారిగా షాలేమ్‌రాజు నెత్తికెక్కాయి. మిషనును నేలకేసి కొడదామని పైకెత్తాడు. ఇదే సమయమన్నట్టు నాగక్క గుంతల వరసంతా తిరిగి చూసి వచ్చి, ముక్కున వేలేసుకుంది.

"ఏం గుంతలన్నా! గీత గీసినట్టున్నయి. మాది ఎకరం ఉంది. మా నేలకు ఏ కాయిల్ అయితే బాగుంటదంటవు?"

ఎత్తిన మిషను ఎత్తినట్టే ఆగింది. ఖమ్మం దుకాణదారుడు అడగలేదు, కట్టుకున్న భార్య అడగలేదు. కాయిల్ గురించి ఇన్నాళ్లకు ఒక మనిషి ఆయన్ను సలహా అడిగింది. షాలేమ్‌రాజు మిషనును మెల్లగా కిందికి దించి, గొంతు సవరించుకున్నాడు.

"నేల ఎర్రదా, నల్లదా?"

స్తుతి అక్కడే గట్టు మీద కూర్చుని, రెండు పట్టీలూ ఊడదీసి నాగక్క చేతిలో పెట్టింది.