నువ్వు పోవద్దు తోమాష్

ఆ మంగళవారం పొద్దున బస్సు దిగేసరికి అఖిల మూడు వాక్యాలు కంఠస్థం చేసుకుని ఉంది. మొయినాబాద్‌లో బస్సెక్కినప్పటి నుంచి కనకమామిడి మలుపు దాకా వాటిని పదకొండుసార్లు లోలోపల అప్పజెప్పుకుంది. పది గంటల చాయ్ వేళ, ఆనంద్ బాబు రెండో బిస్కెట్ ముంచుకునే సమయానికి ఆ మూడూ చెప్పేయాలి. మొదటి బిస్కెట్ అప్పుడు ఆయన ఎవరి మాటా వినడు. మూడోది ఎలాగూ చాయ్‌లో విరిగి పడుతుంది. ఆ తరువాత దేవుడు దిగివచ్చి అడిగినా లాభం లేదు.

ఆనంద్ బాబుది నారు నర్సరీ. చేవెళ్ల చుట్టుపక్కల టమాట, క్యాప్సికం, బంతి వేసే రైతులకు ట్రేలలో నారు పెంచి ఇస్తాడు. నాలుగు షెడ్లు, పద్దెనిమిది మంది ఆడవాళ్లు, ఒక ఆఫీసు గది, ఆ గదిలో ఒక కంప్యూటర్, దాని ముందు అఖిల. ఏ షెడ్డులో ఎప్పుడు తుంపర పడాలో, ఎప్పుడు ఆగాలో ఆ కంప్యూటరే చూసుకుంటుంది. అందులోని ప్రోగ్రాం కొన్నది కాదు. పోలండ్ దేశంలో తోమాష్ అనే ఆయన దాన్ని రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని, ఎలా రాశానో చూసి బాగుచేసుకోవచ్చని కూడా చెప్పి ఇంటర్నెట్‌లో పెట్టాడు. అలాంటివాటిని ఓపెన్ సోర్స్ అంటారు. తెర మీద పైన ఆయన పేరు కనిపిస్తుంది కనుక నర్సరీలో అందరూ ఆ ప్రోగ్రాంనే తోమాష్ అనేవారు. "తోమాష్ లేచిండా?" అని అడిగితే నీళ్లు వచ్చాయా అని అర్థం.

మొన్న ఆదివారం ఆ తోమాష్ తన పేజీలో ఒక ఉత్తరం పెట్టాడు. ఉద్యోగం చేసుకుంటూ, మిగిలిన వేళల్లో పద్నాలుగేళ్లుగా దీన్ని చూసుకుంటున్నానని, వేల తోటలు వాడుతున్నా ఆదుకునేవారు నలుగురైదుగురేనని, అలసిపోయానని, ఈ అక్టోబర్ ఆఖరుతో సెలవు తీసుకుంటానని. అఖిల దాన్ని నాలుగుసార్లు చదివింది. నిరుడు మే నెలలో, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం తుంపర ఆగిపోతే, ఆమె ఏడుపొక్కటే తక్కువగా రాసిన ఉత్తరానికి పది నిమిషాల్లో జవాబిచ్చి రెండు లక్షల మొక్కలను బతికించింది ఆయనే. అప్పుడాయన నువ్వెవరని అడగలేదు. మొక్కలెలా ఉన్నాయని మాత్రం మరునాడు మళ్లీ అడిగాడు. అలాంటి మనిషి వెళ్లిపోతే వచ్చే ఎండాకాలం ఎవరికి రాయాలి? అంతకంటే ముందు, అలాంటి మనిషిని ఎలా వెళ్లనివ్వాలి?

రెండో బిస్కెట్ చాయ్‌లో మునిగింది.

"సార్, మన తోమాష్‌కు నర్సరీ తరఫున నెలనెల కొంచెం చందా పంపుదామా?"

"ఏమైంది దానికి? మంచిగనే నడుస్తున్నది కద."

"దానికి కాదు సార్. దాన్ని తయారుచేసినాయనకు."

"ఆయన అడిగిండా?"

"అడగలే సార్. గదే పరేషాన్."

"అడగనోనికి ఎట్ల ఇస్తరమ్మా? ఏ ఊరు? ఎవరి తాలూకు? చందా బుక్కున్నదా?"

"పోలండ్ సార్. బుక్కు లేదు. వెబ్‌సైట్ ఉన్నది."

"ముఖం తెల్వది, ఊరు తెల్వది, అడుగనే అడుగడు. గసోంటోనికి చందా ఇస్తే రేపు నన్ను నలుగురు ఏమనుకుంటరు?" అంటూండగా మూడో బిస్కెట్ విరిగి పడింది. అఖిల రెండు వాక్యాలు మిగిలి ఉండగానే బయటికి వచ్చేసింది.

ఆనంద్ బాబు పిసినారి కాదు. వినాయకుడికి ఇస్తాడు, బతుకమ్మకు ఇస్తాడు, క్రిస్మస్‌కు ఇస్తాడు. బడిలో ఆరు ఫ్యాన్లు ఆయన ఇచ్చినవే, రెక్కరెక్కకూ ఆయన పేరుంటుంది. తిరిగితే పేరు కనిపించదని ఒక ఫ్యాన్‌ను ఎండాకాలంలో కూడా ఆపి ఉంచమన్నాడని ఊళ్లో చెప్పుకునేవారు.

సంగతి విని, ట్రేలు నింపే ఆడవాళ్లకు పెద్దగా ఉండే కరుణమ్మ నవ్వింది.

"పిచ్చి బిడ్డా, సారు చెయ్యి లేవాలంటే ముందు సారు ఫోటో లేవాలె. ఫ్లెక్సీ కొట్టియ్యి. దాని మీద దాతనని ఒక్కపారి చూసుకున్నడంటే ఇగ ఇయ్యకుంట ఉండలేడు. మా చర్చికి మైకుసెట్టు గట్లనే వచ్చింది."

"ఇయ్యకముందే కొట్టియ్యాల్నా పెద్దమ్మా?"

"ఇచ్చినంక ఎవరన్న కొట్టిస్తరు."

అఖిల అప్పటికప్పుడు చేవెళ్లలో ఫ్లెక్సీల షాపు నడిపే నర్సింహకు ఫోన్‌లో మ్యాటర్ పంపింది. పైన తోమాష్ పేరు. కింద ఆయన పని మొదలుపెట్టిన సంవత్సరం, గీత, ఈ సంవత్సరం. ఆ కింద 'పద్నాలుగేళ్లు పైసా తీసుకోకుండా మన నారుకు నీళ్లిచ్చిన మహానుభావుడు' అని. ఇంకా ఏదో వెలితిగా ఉందనిపించి, అన్నిటికంటే కింద, తన మనసులో ఉన్నది ఉన్నట్టుగా 'నువ్వు పోవద్దు తోమాష్' అని రాసింది. తోమాష్ పేజీలో ఉన్నది ఒకే ఫోటో, అది నలుపు తెలుపుది. దానికి ఆనంద్ బాబు రంగుల ఫోటో జతచేసి, "సారు ఫోటో పెద్దగ పెట్టన్నా. పొద్దుగాల్నే గేటు కాడ కట్టియ్యి" అని చెప్పింది.

బుధవారం పొద్దున ఆమె దిగవలసిన చోట బస్సు ఆగలేదు. రోడ్డు నిండా బండ్లు ఉండడంతో యాభై గజాలు ముందుకెళ్లి ఆగింది. నర్సరీ గేటు ముందు చెప్పులు వరుసగా విడిచి ఉన్నాయి. చెప్పులు విడిచినవాళ్లు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లందరి తలల మీదుగా అఖిల ఫ్లెక్సీని చూసింది.

మధ్యలో తోమాష్, నలుపు తెలుపుల్లో. మెడ చుట్టూ అచ్చువేసిన గులాబీల దండ. అటొక దీపం, ఇటొక దీపం. పైన ఎగిరిపోతున్న తెల్ల పావురం. పేరు కింద 1961 – 2025. పక్కనే అంతే పెద్దగా, చేతులు జోడించి, చిరునవ్వుతో ఆనంద్ బాబు. పైన బారెడు అక్షరాల్లో: శ్రద్ధాంజలి.

నర్సింహ నిచ్చెన దగ్గరే తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"అన్నా, ఏం చేసినవే ఇది!"

"మంచిగ రాలేదా చెల్లె? పావురం నా తరఫున ఫ్రీగ పెట్టిన."

"నేను శ్రద్ధాంజలి అని ఎక్కడ రాసిన?"

"రాయాల్నా? నలుపు తెలుపు ఫోటో, రెండు సంవత్సరాలు, నడుమ గీత. చేవెళ్లల ఎవలన్న పుట్టినరోజుకు గట్ల పంపుతరా? కింద లైను చదివి నాకే కండ్లల్ల నీళ్లొచ్చినయ్."

"మరి పందొమ్మిది వందల అరవై ఒకటేంది?"

"నువ్వు రెండు వేల పదకొండు అని పంపినవ్. గా గడ్డం పద్నాలుగేండ్ల పిల్లగానిదెట్లయితది? దుఃఖంల తప్పు రాసినవని సమజైంది. నేనే సరిచేసిన."

అప్పటికే కరుణమ్మ, ఆమె వెనుక పదిహేడుగురు గేటు దగ్గర కూర్చుని శోకం ఎత్తుకున్నారు. అసలు ఈ ఫ్లెక్సీ ఆలోచన తనదేనన్న సంగతి కూడా కరుణమ్మకు గుర్తున్నట్టు లేదు.

"మూడేండ్లాయె, మిషనే అనుకున్న గని గింత నిండు మనిషి అనుకోలే బిడ్డా! నీళ్లు జర ఆలిస్యమైతే 'సచ్చినవారా తోమాష్' అని రోజు తిట్టిన నోరే ఇది. నిన్న పొద్దుగాల కూడ తిట్టిన. తాకింది, నా నోరే తాకింది!"

"పెద్దమ్మా, ఆయన బతికే ఉన్నడు!"

కరుణమ్మ ఆమెను దగ్గరికి లాక్కుని వీపు నిమిరింది. "అవును బిడ్డా. మంచోళ్లు మన మనసులల్ల బతికే ఉంటరు."

అఖిల ఆ మాట ఇంకో ఆరుగురికి చెప్పింది. ఆరుగురూ ఆమెను ఓదార్చారు. ఒకామె మంచినీళ్లు తాగించింది. పూలతోట నుంచి వస్తున్న ఆటో ఒకటి ఆగి, బుట్టెడు చామంతులు ఫ్లెక్సీ ముందు పోసి వెళ్లిపోయింది.

టమాట నారు తీసుకుపోవడానికి చిల్కూరు నుంచి వచ్చిన యాదయ్య అనే ముసలి రైతు అక్షరం అక్షరం కూడబలుక్కుని ఫ్లెక్సీ చదివాడు. "పద్నాలుగేళ్లు... పైసా... తీసుకోకుండా..." అని ఆగి, చుట్టూ చూశాడు. "అంటే ఆనంద్ బాబు పద్నాలుగేండ్లు ఈ మనిషితోని జీతం లేకుంట నీళ్లు పట్టిచ్చుకున్నడా?"

ఆ మాట చెప్పుల వరుస ఈ కొస నుంచి ఆ కొసకు చేరేలోగా జీతం లేకపోవడమే కాదు, తిండి కూడా లేకుండా పోయింది.

సరిగ్గా అప్పుడు రెండు కార్లు వచ్చాయి. మొదటిది మోకిల నుంచి, ఆనంద్ బాబు బామ్మర్ది బాలరాజ్‌ది. పొద్దున ఎవరో బస్సులో పోతూ ఫ్లెక్సీ చూసి అతనికి ఫోన్ చేశారు. అంత వేగంలో రెండు ఫోటోలు, ఒక దండ కనిపిస్తే పోయింది ఎవరో ఎలా తెలుస్తుంది? బాలరాజ్ నిలువెత్తు గులాబీ దండతో దిగాడు. రెండో కారులోంచి ఆనంద్ బాబు దిగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"బావా! బతికే ఉన్నవా?" అన్నాడు బాలరాజ్. అతని గొంతులో సంతోషం ఉంది కాని అది కొంచెం ఆలస్యంగా వచ్చింది.

"ఉండొద్దా?" అన్నాడు ఆనంద్ బాబు.

"అట్లంటలే బావా. దండ చెప్పి చేపిచ్చిన."

ఇంతలో యాదయ్య ముందుకొచ్చాడు. "ఏమయ్యా ఆనంద్ బాబు, నీ తాన నారు కొంటున్న గని నీ గుణం తెల్వకపాయె. పద్నాలుగేండ్లు వట్టిగ చేపిచ్చుకుంటవా మనిషితోని?"

ఆనంద్ బాబు ఫ్లెక్సీ వైపు చూశాడు. తోమాష్ పేరు గుర్తుపట్టాడు. గాభరాలో నోటికొచ్చిన నిజం చెప్పేశాడు.

"పద్నాలుగెక్కడిది? నా తాన చేసింది మూడేండ్లే!"

జనం నిట్టూర్చారు.

"మూడేండ్లు జీతమిచ్చినవా మరి?"

"జీతమేంది? ఆయన అడుగలే!"

"ఉండనీకె గది ఇచ్చినవా?"

"గదెందుకు? కంప్యూటర్ల ఉంటడు!"

"తిండి?"

"తిండేం తినడయ్యా! కరెంటు మీదనే నడుస్తడు!"

ఆడవాళ్ల శోకం ఆగింది. ఇరవయ్యేళ్లుగా ఆరు ఫ్యాన్లు, మూడు పండుగలు కలిసి కట్టిన పరువు ఆ గేటు ముందు నిలువునా కూలుతున్నట్టు ఆనంద్ బాబుకు అర్థమైంది. గొంతు సవరించుకున్నాడు.

"నేను అందరి ముందట చెప్తున్న. ఈ నెల నుంచే తోమాష్‌కు, అంటే ఆయన ఇంటికి, నెలనెల పంపుత. ఈ నర్సరీ నడిచినంత కాలం పంపుత." చప్పట్లు మోగాయి. బాలరాజ్ చేతిలోని దండ చివరికి ఫ్లెక్సీకి ఎక్కింది. ఆనంద్ బాబు అఖిలను ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"పాపం, ఎప్పుడు పోయిండమ్మా?"

"పోలే సార్. పోతనన్నడు."

అఖిల జరిగిందంతా చెప్పి, తోమాష్ ఉత్తరం చదివి అర్థం చెప్పింది. నిన్న మిగిలిపోయిన రెండు వాక్యాలు కూడా చెప్పేసింది. ఆనంద్ బాబు కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఆగు. నిరుడు మే నెలల నీళ్లాగినప్పుడు బాగుచేసింది గీయననేనా?"

"అవును సార్."

"మరి నేను పంపు మెకానిక్‌కు శాలువ కప్పిన కద!"

"మెకానిక్ వచ్చేసరికే నీళ్లు పడుతున్నయ్ సార్."

"నాకెందుకు చెప్పలే?"

"అప్పటికే కప్పిండ్రు సార్."

ఆయన కిటికీలోంచి షెడ్ల వైపు చూశాడు. రెండు లక్షల మొక్కలు ఎండిపోతే ఆ ఏడు ఏమయ్యేదో ఆయనకు ఎవరూ లెక్క చెప్పనక్కర్లేదు. చివరికి, "రాయి. పంపుతున్నమని రాయి. పోవద్దన్నమని కూడ రాయి," అన్నాడు.

అఖిల రాసింది. క్షమించమని నాలుగు మాటలు చేర్చి ఫ్లెక్సీ ఫోటో కూడా పంపింది. పంపిన మరుక్షణం నుంచి గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. బతికున్న మనిషికి దండ వేసిన ఊరికి ఎవరైనా జవాబిస్తారా?

నాలుగు గంటలకు జవాబు వచ్చింది. ఫోన్‌లో తెలుగును తన భాషలోకి మార్పించుకుని చదివానని రాశాడు తోమాష్. పావురం బాగుందట. తాను పుట్టింది 1961లో కాదు, 1979 ఫిబ్రవరిలోనట. ఆదివారం నుంచి మూడు వందల మంది తనకు రాశారట. అందరూ చేసినదానికి కృతజ్ఞతలనీ, వెళ్లిరమ్మనీ రాశారు. పోవద్దన్నది మాత్రం ఈ ఒక్క ఫ్లెక్సీయేనట. 'ఇంకో ఏడాది ఉంటాను. తరువాత సంగతి తరువాత. మొక్కలెలా ఉన్నాయి?' అని ముగించాడు.

అఖిల కళ్లు తుడుచుకుని అది అందరికీ చదివి వినిపించింది. కరుణమ్మ తిన్నగా వెళ్లి కంప్యూటర్‌కు రెండు చేతులా దండం పెట్టింది. గురువారం పొద్దున తుంపర ఆలస్యమైనప్పుడు, "లే నాయనా తోమాష్, జర లే," అని ఆమె మెల్లగా పిలవడం అందరూ విన్నారు.

ఇక ఆ ఫ్లెక్సీ తీసేయక తప్పదు. ఇచ్చిన చందా సంగతి ఫ్లెక్సీ లేకుండా ఉండడానికి ఆనంద్ బాబు ఒప్పుకోడు. తప్పు తనది కనుక కొత్తది ఉచితంగా కొట్టిస్తానన్నాడు నర్సింహ. అయితే ఒక ఇబ్బంది చెప్పాడు.

"బతికున్నోళ్లకు నా తాన రెండే డిజైన్లు సార్. ఒకటి లీడర్లకు స్వాగతం, రెండోది పుట్టినరోజు. ఆయన ఇప్పట్ల వస్తలేడు కద."

శుక్రవారం పొద్దున గేటు మీద కొత్త ఫ్లెక్సీ వెలిసింది. బెలూన్ల నడుమ తోమాష్, ఈసారి తానే పంపిన రంగుల ఫోటోలో, నవ్వుతూ. పక్కన ఆయన కంటే జానెడు పెద్దగా ఆనంద్ బాబు. పైన 'తోమాష్ అన్నకు జన్మదిన శుభాకాంక్షలు', కింద 'జననం 1979'. యాదయ్య దాని కింద ఆగి, చనిపోయిన మనిషి రెండు రోజుల్లో బతికిరావడమే కాక పద్దెనిమిదేళ్లు చిన్నవాడు కూడా ఎలా అయ్యాడా అని ఆలోచిస్తూ మిఠాయి తిన్నాడు. ఆనంద్ బాబు షెడ్డుకొక కేకు కోయించాడు.

ఫిబ్రవరికి ఇంకా నాలుగు నెలలుందన్న సంగతి అఖిల ఎవరికీ చెప్పలేదు.