ప్లీడరు గారి ఇంజను ఆయిలు

ఆయిలు కారని కారు కొన్నవాడంత దౌర్భాగ్యుడు లోకంలో లేడు! ఎక్కుతాడు, తాళం తిప్పుతాడు, వెళ్ళిపోతాడు. అదీ ఒక బతుకేనా?

నర్సీపట్నం ప్లీడరు సూర్యనారాయణమూర్తి గారిని చూసి నేర్చుకోండి. డెబ్బై ఎనిమిదిలో ఆయన కొన్న విలాయతీ కారుకి అప్పటికే నలభై ఏళ్ళు. తెల్లారి లేచి పళ్ళైనా తోముకోకుండా కారే ఆయిలు పట్టడానికి కారు కింద పెట్టిన పళ్ళెం బయటికి లాగేవారు. "పదకొండు చుక్కలేనోయ్! నిన్నటికి రెండు తగ్గాయి!" అని దారిన పోయేవాళ్ళని ఆపి మరీ చెప్పేవారు. జ్వరమొచ్చిన పసిబిడ్డనైనా ఇంత శ్రద్ధగా ఎవరు చూస్తారండీ?

సబ్బు పూశారు. లక్క పూశారు. కేసులకి వాయిదాలు అడిగి మరీ బోల్టులు బిగించారు. మరి క్లయింట్ల సంగతేమిటంటారా? భేషుగ్గా స్పానర్లు అందించడం నేర్చుకున్నారు! కోటవురట్ల నుంచి గట్టు తగాదాతో వచ్చిన ఇద్దరన్నదమ్ములు ఆ కారు కిందే రాజీపడ్డారు. ఏ కోర్టు చేయగలదు ఆ పని?

ఆయన భార్య శ్యామలాంబ గారికి మూడేళ్ళుగా మోకాలి నొప్పి. కారు బాగుపడగానే విశాఖపట్నం పెద్దడాక్టరుకి చూపిస్తానని ఆయన మాటిచ్చారు. పాపం, ఆవిడ నమ్మారు.

డాక్టరు రమ్మన్న రోజు రానే వచ్చింది. పొద్దున్నే మెకానిక్కు గంగులు ఇంజను అడుగున ఆయిలు తొట్టె విప్పాడు. "బాబూ, ఆయిలు కారకుండా ఇంజనుకీ తొట్టెకీ మజ్జిన ఎయ్యడానికి దళసరిదేటైనా ఉంటే సూడండి. బేగి కోసి బిగించేత్తాను" అన్నాడు. ప్లీడరు గారు లోపలికెళ్ళి బీరువా మీదున్న ఎక్స్‌రే ఫిల్ము తెచ్చారు.

గంగులు దాన్ని వెలుగుకి పెట్టి చూశాడు. "ఇది అమ్మగారి మోకాలు కాదేటి బాబూ?"

"కొయ్యవోయ్! నొప్పెక్కడో ఆవిడకి తెలుసుగా, నోటితో చెబుతుంది!"

మీ ఇంట్లో ఏ ఇల్లాలి మోకాలికైనా ఇంజనులో చోటు దక్కిందా? ఊరి పొలిమేర దాటకుండానే ఆ ఫిల్ము వేడికి ముడుచుకుపోయి, ఆయిలంతా రోడ్డు పాలైంది. శ్యామలాంబ గారు కారు దిగి, కుంటుకుంటూ వెనక్కి బస్టాండు దాకా నడిచారు.

బస్సు కదలబోతుండగా ప్లీడరు గారు రొప్పుతూ పరుగెత్తుకొచ్చారు. తోడొస్తున్నారనుకుని ఆవిడ కళ్ళు చెమర్చాయి. పక్కకి జరిగి సీట్లో చోటిచ్చారు.

ఆయన కిటికీ కమ్మీ పట్టుకుని అన్నారు: "శ్యామలా! ఎలాగూ కొత్త ఎక్స్‌రే తీస్తారుగా, రెండు తీయించి తీసుకురా!"