అరగంట నిశ్శబ్దమునకై జరిగిన మహాసంగ్రామము

గోదావరికి దక్షిణ తీరమున, భూగర్భాంధకారమును చీల్చి బొగ్గును వెలికిదీయు వీరులకు నిలయమై, ఉదయమున ఆరవేసిన తెల్లచీరను సాయంత్రమునకు బూడిదవన్నె చేయు మహిమగల గోదావరిఖని పట్టణమున, మండువేసవి మంగళవారము, మధ్యాహ్నము మూడున్నర గంటల వేళ, ఆపదలను అవి పుట్టకమునుపే చూడగల దివ్యదృష్టి సంపన్నురాలను, పదవ తరగతి దుర్గమును రెండవ దండయాత్రలో సాధించిన దానను, శోభ యను నామధేయము గల నేను, మా క్వార్టరు గేటు ముందర గరిటె ధరించి నిలిచితిని.

కారణమేమందురా? నా ఏకైక పుత్రిక సంతోషి డిగ్రీ ముగించి, సర్కారు కొలువుల పుస్తకములను తృణీకరించి, గనిలోనికి దిగువారు సద్దిగిన్నెలో ఏమి పట్టుకపోదురో, ఎక్కడ కూర్చుండి తిందురో బ్లాగులో రాయుటయే బతుకుదెరువని భీషణ ప్రతిజ్ఞ చేసినది. రెండేండ్లు రాసినది. హైదరాబాదులోని వెబ్ పత్రిక వారెవరో చదివి, నేడు వీడియోలో ఇంటర్వ్యూ అన్నారు. ఈ కొలువు రాకున్న వచ్చే నెలనుండి నోరెత్తక కోచింగుకు పోవలెనని మా తల్లీకూతుళ్ల సంధి.

"అమ్మా, అర్ధగంట సప్పుడు రాకుండ చూడు, గంతే."

"మరి కరెంటు పోతే? నెట్టు పోతే? నీకు తుమ్మొస్తే?"

"నువ్వు ముందుగాల బయటికి పో!"

అంతట దిక్కులు పిక్కటిల్లగా, మైకు ఘోషతో, అన్వర్ ఉల్లిగడ్డల ఆటోరథము మా వీధిని ముట్టడించెను. బిడ్డ బ్లాగు కొలువు సంగతి చెప్పుటకు నాకు నోరు రాలేదు. రేపు రాకపోతే? వాడకట్టంతా నవ్వదా? కావున మా సీమలో తిరుగులేని బ్రహ్మాస్త్రమును సంధించితిని. నైట్ షిఫ్టు చేసి వచ్చినవాడు నిద్రించు ఇంటి ముందర మా కాలనీలో కుక్కనైనను మొరగనీయరు.

"అన్వర్ భాయ్, మైకు బందువెట్టు! మా ఆయన నైట్ షిఫ్టు చేసొచ్చి పండుకున్నడు."

"అరె, మాఫ్ చెయ్యక్కా!" అని ఆ మహానుభావుడు మైకునే కాదు, ఇంజనునూ ఆపి రథమును చేతులతో నెట్టుకొనుచు పక్కింటి వాకిటికి చేర్చెను. అక్కడ మిరపకాయలు దంచుచున్న సారలమ్మయు రోకలిని మధ్యాకాశమున నిలిపి, "పండుకోనీ అక్కా, బావకు నిద్ర పాడైతది" అనెను.

ఇరువది రెండు నిమిషములు ఈగ సైతము అడుగులు లెక్కించుకొని నడచెను. అటుపిమ్మట, విధి వక్రించి, మొదటి షిఫ్టు దిగి, మసిమొగముతో, బూట్లు టకటకలాడ నా భర్త రఘుపతియే ఏతెంచెను! గనిలో యంత్రముల పక్క అరచి అరచి అలవాటైన కంఠముతో, "ఏందే, గరిటె వట్టుకొని గేటు కాడ నిలవడ్డవ్?" అని గర్జించెను.

"ఓ అక్కా! మరి ఇంట్ల పండుకున్నది ఎవలు?" అనె సారలమ్మ.

"భాయ్ నిద్రల నడుస్తుండేమో!" అనె అన్వర్.

నవ్వులు పొంగెను. రోకలి మరల లేచెను. నా బిడ్డ రెండేండ్ల రాతలు ఆ రోకటి కింద మిరపకాయలవలె కనబడెను. సిగ్గు దగ్ధమై, నేను సింహనాదము చేసితిని.

"లోపల నా బిడ్డ ఇంటర్వ్యూ ఇస్తుంది! రాసుడు పని! బ్లాగు! నవ్వేటోళ్లు రేపు నవ్వుండ్రి. ఇయ్యాల ఎవ్వలి నోరు లేసినా ఈ గరిటెతోని సమాధానం చెప్త!"

వీధి స్తంభించెను. రోకలి చప్పుడు లేక నేలకు దిగెను. అంతలో తలుపు తెరచుకొనెను.

"అమ్మా, నీ ఒర్లుడు మొత్తం వాళ్లకు ఇనవడ్డది."

అయిపోయెను, కోచింగే గతి యని నేను గరిటెను దించితిని.

"ఇంటర్వ్యూ చేసే మేడం ఒక్కతీరు నవ్వింది. ఏందని అడిగితె నీ నైట్ షిఫ్టు ముచ్చట చెప్పిన. నైట్ షిఫ్టు పేరు చెప్తె గల్లీ మొత్తం ఎట్ల ఊకుంటదో అదే రాసి పంపుమన్నది. మూడు నెలలు పనిల పెట్టి చూసి, తర్వాత పర్మనెంటు చేస్తరట."

"నా పేరు గూడ రాయమను బిడ్డా!" అని సారలమ్మ కేకవేసెను.

వినుడు జనులారా! అర్ధగంటలో ఇరువది రెండు నిమిషముల నిశ్శబ్దమును సాధించి, మిగిలినదానిని స్వయముగా భగ్నము చేసిన ఈ వీరమాత, మూడు మాసముల కొలువును, అదియు పరీక్షార్థమైన దానిని, బిడ్డకు గెలిచిపెట్టినది! జయము! జయము! నాల్గవ మాసమున ఏమగునో యని భయపడుటను మాత్రము ఆ క్షణముననే ప్రారంభించినది.